కడుపులోని చేనికి ఎరువు

నిరుటి వేసవిలో ఒక గ్రామమునందు పచ్చిరొట్ట ఎరువును గూర్చి రైతులతో మాటలాడుచుంటిని. ఏటేట యూరియా బస్తాలు మాత్రమే గుమ్మరించి, పెంటయు ఆకును వేయని నేల క్రమముగా గట్టిపడుననియు, జీలుగనో జనుమునో చల్లి పూతకు వచ్చునప్పుడు కలియదున్నినచో నేలలోని సూక్ష్మజీవులకు మేత దొరకి భూమి గుల్లబారుననియు చెప్పితిని. అంతయు శ్రద్ధతో విని, వెనుకవరుసలోని యొక పెద్దాయన లేచి, "అయ్యా, నేలకు తమరు చెప్పిన మాట బాగుగనే యున్నది. ఆ మాటనే తమ పొట్టకుగూడ చెప్పితిరా?" అని యడిగెను. సభయంతయు ఘొల్లున నవ్వినది. నేనును నవ్వితిని.

నవ్వితినేగాని ఆ ప్రశ్న నా మనస్సున ముల్లువలె నాటుకొన్నది. అప్పటికి పదునైదు దినములకు ముందే వైద్యుడు నా నెత్తురు పరీక్షించి, మూడునెలల సగటు చక్కెర 6.3 వచ్చినదనియు, 5.7 చేరినప్పటినుండియే జాగ్రత్తపడవలెననియు, 6.5 చేరినచో దానినే మధుమేహమందురనియు చెప్పియుండెను. నా నడుము చుట్టుకొలత 39 అంగుళములు. మన దేశపు పురుషులకు 90 సెంటీమీటర్లు, అనగా సుమారు 35½ అంగుళములును, స్త్రీలకు 80 సెంటీమీటర్లు, అనగా సుమారు 31½ అంగుళములును దాటిన నడుము ప్రమాదసూచనయని వైద్యుల నిర్ణయము. ఊరూర తిరిగి భూములకు వైద్యము చెప్పు నేను నా దేహమును మాత్రము చౌడుపట్టనిచ్చితిని. ఆ సిగ్గుతోనే ఈ విషయమును చదువ నారంభించితిని. చదివినదానిని, నా యింట ఆచరించినదానిని కర్షక సోదరుల మేలుకోరి ఇచ్చట వ్రాయుచున్నాను.

ఇది పట్టణములకు మాత్రమే చెందిన వ్యాధి కాదు

స్థూలకాయమును మధుమేహమును కూర్చుండి తిను ధనవంతుల వ్యాధులని మన పెద్దలు తలచెడివారు. నేడట్లు తలచుటకు వీలులేదు. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌నందు 15 మొదలు 49 ఏండ్ల వఱకు వయస్సుగల స్త్రీలలో నూటికి 36 మందియు, తెలంగాణమున నూటికి 30 మందియు ఉండవలసినదానికంటె ఎక్కువ బరువుగలవారని తేలినది. పురుషులలోను రెండు రాష్ట్రములందును నూటికి 30 మందికి పైననే యట్టివారు కలరు. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో ప్రకటింపబడిన లెక్కప్రకారము దేశమున మధుమేహము గలవారు 10 కోట్ల 10 లక్షలమంది.

నా యెఱుకలోని యొక రైతు, నాలుగెకరముల ఆసామి, కాలికి ముల్లు గుచ్చుకొన్నదానిని లక్ష్యపెట్టక ఊరకుండెను. చక్కెర వ్యాధివలన ఆ పుండు మానలేదు. తుదకు రెండు కాలివ్రేళ్లు తీయించుకొనవలసివచ్చెను. ఆ యేడు అతని చేను కౌలుకు పోయినది. కావున ఇది వైద్యునికిని రోగికిని మాత్రమే సంబంధించిన విషయమని యనుకొనరాదు. సేద్యమునకును ఇది పెద్ద చీడయే.

కారణములు పెక్కు కలవు. ట్రాక్టరు వచ్చిన పిదప నడకయు చేతిపనియు తగ్గినవి. సీసాలలోని తీపి పానీయములును, నూనెలో వేచిన చిరుతిండ్లును చిన్నపల్లె దుకాణమునకుగూడ వచ్చినవి. వీనితోపాటు మన పళ్లెమును మాఱినది. మెట్టప్రాంతములలో మన తాతలు జొన్న, సజ్జ, కొఱ్ఱ, రాగులతో కడుపు నింపుకొనెడివారు. వరియన్నము పండుగకు వండుకొను వస్తువు. 1983లో కిలో 2 రూపాయల బియ్యపు పథకము వచ్చి బీదవాని యింటికి వరియన్నమును తెచ్చినది. ఆకలి తీర్చిన ఆ మేలును మఱవరాదు. కాని కాలక్రమమున తెల్లగా పాలిషు పట్టిన బియ్యమే మూడు పూటలకును ఆహారమై, పప్పును కూరయు దానికి నంజుళ్లైనవి. చేనిలో పండిన జొన్నలను కందులను సంతకు పంపి, తెల్లబియ్యమును సంచిలో నింపుకొని వచ్చుచున్నాము. మిల్లులో రాలిన తవుడు గేదెకు పోవుచున్నది. గేదె నునుపుదేరుచున్నది, మనము ఉబ్బుచున్నాము.

కడుపులో నొక చేను

మనము తిన్న అన్నములోని పిండిపదార్థము, మాంసకృత్తులు, క్రొవ్వు చిన్నప్రేగులోనే చాలవఱకు జీర్ణమై నెత్తురులో కలియును. గింజలపై పొర, పప్పుల పొట్టు, ఆకుకూరల ఈనెలు మొదలగువానిలోని పీచును జీర్ణముచేయు రసములు మన దేహమున లేవు. అది మాఱక పెద్దప్రేగునకు చేరును. పూర్వము దీనిని పనికిమాలిన చెత్తయనియే తలచిరి. మలబద్ధకము పోగొట్టుట తప్ప దానికి వేఱు ప్రయోజనము లేదనిరి.

కాని ఆ పెద్దప్రేగులో గొప్ప జీవప్రపంచము కలదు. ఒక మనిషి దేహమున సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా యుండునని 2016లో శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. మన దేహమందలి కణముల సంఖ్యయు ఇంచుమించుగా అంతియే. ఇన్ని యున్నను వాని మొత్తపు బరువు పావుకిలోకు మించదు. ఇవి యధికభాగము పెద్దప్రేగులోనే కాపురముండును. వీనిలో వందలకొలది జాతులు కలవు. ఒక చేరెడు మంచి మట్టిలో నెన్ని రకముల సూక్ష్మజీవులు పనిచేయుచుండునో ఇచ్చటను అట్లే.

ఈ జీవులకు మనము జీర్ణించుకొనలేని పీచే మేత. అవి దానిని పులియబెట్టి మూడు ముఖ్యమైన ఆమ్లములను పుట్టించును. మొదటిది ఎసిటిక్ ఆమ్లము. వినిగరులో నుండునది ఇదియే. రెండవది ప్రొపియోనిక్ ఆమ్లము. మూడవది బ్యూటిరిక్ ఆమ్లము. పాతబడిన వెన్నకు వచ్చు ఘాటైన వాసన దీనిదే. పేరులు గుర్తుంచుకొనకపోయినను, వాని పని గుర్తుంచుకొనదగినది. బ్యూటిరిక్ ఆమ్లము పెద్దప్రేగు లోపలిగోడ కణములకు ముఖ్యాహారము. ప్రొపియోనిక్ ఆమ్లము కాలేయమునకు చేరును. మఱియు ఈ యామ్లములు ప్రేగుగోడలోని కొన్ని కణములను తట్టిలేపి, "ఇక చాలు" అని మెదడునకు తెలుపునట్టియు, ఇన్సులిను సమయమునకు ఊరునట్లు చేయునట్టియు హార్మోనులను విడిపించును. నేడు పట్టణములలో బరువు తగ్గించుటకు వాడుచున్న ఖరీదైన సూదిమందులు కొన్ని ఇట్టి హార్మోనునే అనుకరించును. పీచువలన కలుగు ప్రభావము ఆ మందులంత బలమైనది కాదు. కాని అది పూటపూటకును మన పళ్లెమునుండియే వచ్చును.

పీచులన్నియు ఒక్కటి కావు. సూక్ష్మజీవులలో మేలుచేయువానికి ప్రత్యేకముగా మేతయై, దానివలన మనకు ఆరోగ్యమును కూర్చు పదార్థమునకు 1995లో గిబ్సన్, రాబర్‌ఫ్రాయిడ్ అను శాస్త్రజ్ఞులిద్దఱు ప్రీబయాటిక్ అని పేరుపెట్టిరి. ఉల్లి, వెల్లుల్లి, అరటిపండ్లలోని ఇనులిన్ జాతి పదార్థములును, కంది, శనగ, మినుములు తిన్నప్పుడు కడుపులో వాయువు పుట్టించు చక్కెరలును ఇట్టి మేతలే. పప్పు తిన్న తరువాత కడుపు గుడగుడలాడినచో, లోపలి కూలీలు పనిలో దిగినట్లు తెలిసికొనవలెను.

మేత దొరకనిచో ఏమగును?

కఱవు నాళ్లలో గడ్డి దొరకని పశువు పాకమీది కప్పును పీకి తినుట మనము చూచినదే. కడుపులోని జీవులును అట్లే చేయును. పెద్దప్రేగు గోడకు లోపలివైపున జిగురువంటి పొర యొకటి కలదు. అది సూక్ష్మజీవులు గోడను తాకకుండ కాపాడు కంచె. పీచులేని మేత పెట్టిన ఎలుకలలో ఈ జీవులు ఆ జిగురుపొరనే తిని దానిని పలుచన చేసినట్లు 2016లో ప్రకటింపబడిన పరిశోధనలో కనుగొనిరి.

కంచె పలుచనైనప్పుడు బాక్టీరియా గోడలోని కొన్ని విషపదార్థములు నెత్తురులోనికి జొచ్చును. అందువలన దేహమున సన్నని మంటవంటి వాపు ఎడతెగక యుండును. ఆ వాపువలన ఇన్సులిను మాటను కండరములును కాలేయమును సరిగా వినవు. నెత్తురులో చక్కెర పెరుగును, కాలేయమున క్రొవ్వు చేరును. ఈ క్రమము ఎలుకలలో బాగుగా ఋజువైనది. మనుష్యులలో స్థూలకాయమునకు ఇది యొక కారణముమాత్రమే. మితిమీఱిన తిండియు, వ్యాయామలోపమును, వంశగుణమును దానితో కలిసి పనిచేయును.

విత్తనమును మేతయు

ఇక నా మనస్సును మిక్కిలి యాకర్షించిన పరిశోధన యొకటి చెప్పెదను. అమెరికాదేశమున సెయింట్ లూయిస్ పట్టణమందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయములో జెఫ్రీ గార్డన్ అను శాస్త్రజ్ఞుడును అతని సహచరులును దీనిని చేసి 2013లో ప్రకటించిరి. కవలలుగా పుట్టిన అక్కచెల్లెండ్రలో ఒకతె లావుగాను ఒకతె సన్నముగాను ఉన్న జంటలను నాలుగింటిని వారు ఎన్నుకొనిరి. వారి మలములోని సూక్ష్మజీవులను, కడుపులో ఏ క్రిమియు లేకుండ ప్రత్యేకముగా పెంచిన ఎలుకలకు ఎక్కించిరి. అన్ని ఎలుకలకును ఒక్కటే మేత పెట్టిరి. అయినను లావైన స్త్రీ క్రిములు చేరిన ఎలుకలలో క్రొవ్వు ఎక్కువగా పెరిగెను. సన్ననిస్త్రీ క్రిములు చేరిన ఎలుకలు సన్నముగనే యుండెను.

తరువాత ఆ రెండు తెగల ఎలుకలను ఒకే పంజరమున నుంచిరి. ఎలుకలు ఒకదాని పెంటిక నొకటి తినును. కనుక క్రిములు ఇటునటు మాఱును. అప్పుడు సన్నని తెగ క్రిములు లావు తెగ కడుపున చేరి పాతుకొని, వానిలో క్రొవ్వు పెరుగకుండ ఆపినవి. ఇంతవఱకు వినినవారు, సన్నని మనిషి క్రిములను తెచ్చుకొన్నచో చాలునుగదా యని యనుకొందురు. కాని వారంతటితో నిలువలేదు. మేత మార్చి చూచిరి. పండ్లు, కూరలు ఎక్కువగను, చెడుక్రొవ్వు తక్కువగను ఉన్న మేత పెట్టినప్పుడు మంచి క్రిములు పాతుకొన్నవి. కూరలు తక్కువై, క్రొవ్వు ఎక్కువైన మేత పెట్టినప్పుడు అవి నిలువజాలకపోయినవి.

రైతునకు దీని భావము వేఱుగ చెప్పనక్కఱలేదు. ఎంత మేలురకపు విత్తనమైనను, సారములేని నేలలో నిలువదు.

మనుష్యుల విషయములోను సాక్ష్యములు కలవు. 2015లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో అమెరికాలోని నల్లజాతివారిని 20 మందిని, దక్షిణాఫ్రికాలో పల్లెలందుండువారిని 20 మందిని ఎన్నుకొని, రెండు వారములు ఒకరి తిండి నొకరికి పెట్టిరి. అమెరికావారికి దినమునకు 14 గ్రాములుగా నున్న పీచు 55 గ్రాములైనది; పల్లెవారికి 66 గ్రాములనుండి 12 గ్రాములకు దిగినది. అది పెద్దప్రేగు క్యాన్సరును గూర్చిన పరిశోధనయేగాని స్థూలకాయమును గూర్చినది కాదు. అయినను ఆ పదునాలుగు దినములలోనే అమెరికావారి కడుపున మేలుచేయు బ్యూటిరిక్ ఆమ్లము రెట్టింపునకు మించి పెరిగినది. ప్రేగుగోడలోని వాపు తగ్గినది. పల్లెవారికి దీనికి విరుద్ధముగా జరిగినది. చెడుటకును బాగుపడుటకును కడుపునకు ఏండ్లు పట్టదని దీనివలన తెలియుచున్నది.

చైనాదేశమున 43 మంది మధుమేహ రోగులమీద జరిగి 2018లో వెలువడిన పరిశోధనలో, పలువిధముల పీచు ఎక్కువగా తిన్నవారికి, సాధారణ ఆహారము తిన్నవారికంటె చక్కెర బాగుగా అదుపులోనికి వచ్చినది. రెండు తెగలవారును ఒకే మందు వాడిరి. 2019లో న్యూజీలాండు శాస్త్రజ్ఞులు పూర్వపు పరిశోధనలను వందలకొలది ఒకచోట చేర్చి చూచి, దినమునకు 25 మొదలు 29 గ్రాముల పీచు తినువారిలో, చాల తక్కువ తినువారికంటె గుండెజబ్బు, మధుమేహము, పెద్దప్రేగు క్యాన్సరు, అకాలమరణము నూటికి 15 మొదలు 30 పాళ్లు తక్కువగా నున్నట్లు తెలిపిరి.

ఒక విషయము నిష్కర్షగా చెప్పవలెను. పీచు తిన్నంతమాత్రమున లావైనవాడు సన్నబడడు. పరిశోధనలలో బరువు తగ్గినది స్వల్పముగనే. ఆకలి అదుపులో నుండుట, భోజనానంతరము చక్కెర నెమ్మదిగా పెరుగుట, నెత్తురులోని చెడుక్రొవ్వు తగ్గుట అనునవి దానివలన స్పష్టముగా కలుగు మేళ్లు. బరువు తగ్గుటకు మొత్తపు తిండిని తగ్గించుటయు నడకయు తప్పవు. పచ్చిరొట్ట వేసినంతమాత్రమున కలుపు తీయుట మానుకొందుమా?

మన పంటలలో ఎంత పీచున్నది?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2017లో మన దేశపు ఆహారపదార్థముల విలువలను గ్రంథముగా ప్రకటించిరి. దాని ప్రకారము వండని గింజలు 100 గ్రాములలో నుండు పీచు సుమారుగా ఇట్లున్నది. పాలిషు పట్టిన బియ్యము 2.8 గ్రాములు. దంపుడుబియ్యము 4.4. జొన్నలు 10. రాగులు 11. సజ్జలు 11½. కందిపప్పు 9, పొట్టుతోనున్న కందులు దాదాపు 23. పెసరపప్పు 9, పొట్టు పెసలు 17. శనగపప్పు 15, పొట్టు శనగలు 25. పొట్టు తీయుటవలన ఎంత పోవుచున్నదో కంది, పెసల లెక్కయే చెప్పుచున్నది.

పెద్దవానికి దినమునకు 2000 కేలరీల భోజనములో సుమారు 30 గ్రాముల పీచు ఉండవలెనని అదే సంస్థవారి సలహా. ఇప్పుడు రెండు పళ్లెములను పోల్చిచూతము.

మొదటిది నా పాత పళ్లెము. దినమునకు తెల్లబియ్యము 400 గ్రాములు, కందిపప్పు 30 గ్రాములు, కూర 100 గ్రాములు. అన్నియు కలిపి పీచు సుమారు 17 గ్రాములు.

రెండవది నా నేటి పళ్లెము. జొన్నలు 200 గ్రాములు, బియ్యము 150 గ్రాములు, కందిపప్పు 40, పొట్టు పెసలు 40, కూరలును ఆకుకూరలును కలిపి 300 గ్రాములు. పీచు 40 గ్రాములు దాటును. బియ్యము, జొన్నల మొత్తమును 50 గ్రాములు తగ్గినది. అయినను ఆకలి ముందువలె బాధింపదు.

గోరుచిక్కుడు, మెంతులు, మునగాకు, తోటకూర, పచ్చి అరటికాయ, ఉల్లి, వెల్లుల్లి మన పెరటిలోనో సంతలోనో దొరకును. గోరుచిక్కుడు గింజలోను మెంతులలోను ఉన్న జిగురు నీటిలో ఉబ్బి, అన్నములోని చక్కెర నెత్తురులో వేగముగా కలియకుండ అడ్డుపడును.

చద్దియన్నమును గూర్చి పలువురు అడుగుదురు. వండిన యన్నము చల్లారినప్పుడు అందలి పిండిలో కొంత గట్టిపడి చిన్నప్రేగులో జీర్ణముకాక పీచువలె పెద్దప్రేగునకు చేరునది నిజమే. ఇండోనీషియాలో జరిగి 2015లో ప్రకటింపబడిన పరిశోధనలో, అప్పుడే వండిన 100 గ్రాముల తెల్లయన్నమున ఇట్టి పిండి 0.64 గ్రాములుండగా, శీతలపెట్టెలో ఒక దినముంచి వేడిచేసిన యన్నమున 1.65 గ్రాములకు పెరిగినది. ఇది మేలేగాని కొంచెపు మేలు. చద్దియన్నము జొన్నకు బదులు కాజాలదు. మఱియు వేసవిలో వెచ్చని యన్నమును మూతపెట్టి రాత్రియంతయు ఉంచినచో విషక్రిములు పెరిగి వాంతులు కలుగవచ్చును. ఆ విషము మఱల కాచినను పోదు. వండినదానిని వెంటనే చల్లార్చి, చల్లనిచోట నుంచి, ఉదయముననే తినివేయవలెను.

నేను చేసిన తప్పు

మొదట నేను ఆతురపడి, ఒక్కదినముననే బియ్యము మానివేసి, మూడు పూటలును జొన్నరొట్టెయు, ఉడికించిన పొట్టు శనగలును తింటిని. రెండవనాటికి కడుపు డప్పువలె ఉబ్బినది. రాత్రియంతయు ఇంటివారికి నిద్రలేదు. నా యవస్థ చూచి మా యమ్మ, "కొత్త కోడెను మొదటినాడే అయిదెకరముల దుక్కికి కట్టుదురా నాయనా? వారము దినములు వట్టి కాడి మోయించి, పిమ్మట సాలు తోలింతురు గాని!" అనినది. నలుబదేండ్లు దాటినవానికి, పదిమందికి బోధించువానికి, అక్షరమురాని తల్లి చెప్పిన పాఠమది. శాస్త్రజ్ఞులును అదే చెప్పుచున్నారు. పీచును తినగల క్రిములు కడుపున తగినంతగా పెరుగుటకు కొన్ని వారములు పట్టును.

కావున ఈ క్రమమును పాటింపుడు.

మొదటి రెండు వారములు రాత్రిభోజనమున మాత్రమే అన్నమునకు బదులు ఒక జొన్నరొట్టె గాని సంకటి గాని తినుడు. తక్కినవి ఎప్పటివలెనే.

తరువాత రెండు వారములు అన్నమును కొంత తగ్గించి, కూరను పప్పును రెట్టింపు చేయుడు. పొట్టుతోనున్న గింజలను రాత్రి నానబెట్టి, ఆ నీరు పారబోసి, మెత్తగా ఉడికించినచో వాయువు తగ్గును.

నీరు చాలినంత త్రాగుడు. పీచు పెరిగి నీరు తగ్గినచో మలబద్ధకము కలుగును.

రాగులను జల్లెడపట్టి మెత్తనిపిండి చేసి, పలుచని జావకాచి, బెల్లముపోసి త్రాగినచో చక్కెర త్వరగా పెరుగును. సంకటియో రొట్టెయో మేలు. బెల్లము వలదు.

పశువులకై తెచ్చిన తవుడును తినవలదు. అందులోని నూనె త్వరగా చెడును. దుమ్మును ఊకయు కలిసియుండును. దానికంటె బియ్యమునే ఒకపట్టు పట్టించి, పదునైదు దినములకు సరిపడినంత మాత్రమే ఆడించుకొనుట మంచిది.

చక్కెర వ్యాధికి మందులో ఇన్సులినో వాడువారు తిండి మార్చుటకు ముందు వైద్యునితో చెప్పవలెను. తిండి మాఱగా అదే మోతాదు మందువలన చక్కెర మఱీ పడిపోవచ్చును. ప్రేగులకు శస్త్రచికిత్స జరిగినవారును, ప్రేగువ్యాధి గలవారును వైద్యుని యనుమతి లేక దీనిని ఆరంభింపరాదు. తనంతట మందు మానుట ఎవరికిని తగదు.

రైతులు నన్నడిగిన ప్రశ్నలు

"దుకాణములో పీచుపొడి డబ్బాలు అమ్ముచున్నారు. అవి కొనవలెనా?" అని కొందఱడిగిరి. అందు కొన్ని చికోరీ వేరునుండి తీసిన ఇనులిన్. వానికి గుణము లేకపోలేదు. కాని కందులును శనగలును పండించు రైతు దానికై డబ్బు వెచ్చింప నవసరము లేదు. పైగా గింజలోను కూరలోను ఒకటి గాక పలురకముల పీచు కలదు. పలుజాతుల క్రిములకు పలువిధముల మేత కావలెను.

"పెరుగు చాలదా?" అని కొందఱడిగిరి. పెరుగులోనివి ప్రాణముగల క్రిములు. పీచు క్రిములకు మేత. పెరుగులోని క్రిములు చాలవఱకు కడుపున స్థిరముగా నిలువక పోవుచుండును. మజ్జిగ త్రాగుడు, మంచిదే. అయినను మేత మేతయే.

"క్రిములు పీచునుండి బలము తీసి మనకిచ్చినచో మఱింత లావెక్కమా?" అని చదువుకొన్న యువకుడొకడు అడిగెను. మంచి ప్రశ్న. ఒక గ్రాము పిండిపదార్థము 4 కేలరీలిచ్చును. పులిసిన పీచువలన సుమారు 2 మాత్రమే వచ్చును. కొన్ని రకములనుండి అదియు రాదు. అదికాక పీచుగల తిండి నమలుటకు కాలము పట్టును, కడుపు నిండును, రెండవసారి వడ్డన అడుగము. కనుక లెక్క మనకు లాభముగనే తేలును.

ఇంటి గింజలు ముందు తీసిపెట్టుడు

ఒక సంవత్సరము గడచినది. నా బరువు 5 కిలోలు తగ్గినది. నడుము 36½ అంగుళములకు వచ్చినది. మూడునెలల సగటు చక్కెర 6.3 నుండి 5.8కి దిగినది, గీతకు ఇంకను కొంచెము పైననే యున్నది. ప్రతిదినము ఉదయమున గంటసేపు నడచితిని గనుక, ఇందులో పీచు వంతెంత, నడక వంతెంత యని విడదీసి చెప్పజాలను. కాని తిండి మార్చనిచో ఆ నడక ఒంటరియెద్దు బండియై యుండునని నా నమ్మకము.

సభ్యులారా, మీకు నేను చేయు మనవి ఒక్కటే. పంట కళ్లమునకు వచ్చినప్పుడు అప్పులవాడు, వ్యాపారి, బండివాడు అందఱును ముందు వత్తురు. ఇంటివారి కడుపు చివరకు వచ్చును. ఈ వరుసను మార్చుడు. ఒక పెద్దవానికి దినమునకు 200 గ్రాముల జొన్నలచొప్పున ఏడాదికి 73 కిలోలు కావలెను. నలుగురున్న యింటికి ఇంచుమించుగా 3 క్వింటాళ్లు. కందులు, పెసలు, శనగలు కలిపి ఒక క్వింటాలునకు కొంచెము పైన. ఈ గింజలను బాగుగ ఎండబెట్టి ముందు గాదెలో పోసి, మిగిలినదానినే తూకమునకు పంపుడు. నల్లరేగడిలో జొన్నయు కందియు కలిపి విత్తు రైతునకు ఇది భారముకాదు. వరి మాత్రమే పండించువారు గట్లమీద కందిని నాటుకొనవచ్చును. ఒకేమారు పలువురి యిండ్లకు కావలసిన గింజలను సంఘము ద్వారా కలిపి తెప్పించుకొన్నచో ధర కలిసివచ్చును. దీనిని వచ్చు సర్వసభ్య సమావేశమున ఆలోచింపుడు.

మొన్నటి వారము ఆ గ్రామమునకు మఱల పోయితిని. ఆ పెద్దాయన నన్ను తలనుండి కాలివఱకు చూచి, "ఏమయ్యా, పచ్చిరొట్ట పనిచేసినట్లున్నదే!" అనెను. మధ్యాహ్నమునకు తన యింటికే తీసికొనిపోయెను. విస్తరిలో రెండు జొన్నరొట్టెలు, గోరుచిక్కుడు కూర, ముద్దపప్పు, పచ్చి ఉల్లిపాయ వడ్డించిరి. ఆయన మాత్రము తెల్లయన్నమునే కలుపుకొనుచుండెను. "తమరికో?" అని యడిగితిని. "మాకు ఇవి పేదవాండ్ర తిండ్లని కోడలు పెట్టదయ్యా," అని నవ్వెను.

నాకు నవ్వు రాలేదు. జొన్నలు ఆ యింటి చేనిలో పండినవే. పేదవాని తిండియని మనము చిన్నచూపు చూచినది మన కడుపునకు భాగ్యమని ఆ కోడలికి తెలియజెప్పువారు కావలెను. ఈ పత్రిక చదువగలవారు తమ యింట దీనిని పైకి చదివి వినిపించినచో నా శ్రమ ఫలించినట్లే.